ఎదుటి జట్టు గురువు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్ జట్ల మధ్య స్పర్ధ తరతరాలనాటిది. నేను డ్యూక్ పక్షపాతిని. అయినా ప్రత్యర్థి జట్టుకు 1961 నుండి 1997 వరకు శిక్షకుడైన డీన్ స్మిత్ నాకు పూజనీయుడు. ఆయన సాధించిన 879 విజయాలలో మా ఓటములూ ఉన్నాయి. వర్ణవివక్ష సమసిపోని 1966లోనే నల్లజాతి యువకుడైన చార్లీ స్కాట్‌ను విద్యార్థివేతనమిచ్చి చేర్చుకున్నారు. బుట్టలో బంతి వేసినవాడు, దానిని అందించిన సహచరుని వైపు వేలు చూపి కృతజ్ఞత తెలపాలని నేర్పారు. 2015లో ఆయన కన్నుమూసిన పిదప, వీలునామా ప్రకారం సుమారు 180 మంది పూర్వ క్రీడాకారులకు, తన పేరిట విందారగించమని తలా 200 డాలర్లు అందాయి. తాను నేర్పిన కృతజ్ఞతను తుదివరకూ ఆచరించిన మనిషి ఆయన. నేటికీ మా జట్టే గెలవాలని కోరుకుంటాను. ఆ గెలుపు ఆయన మెచ్చే తీరున ఉండాలనీ కోరుకుంటాను.