ఉండిలో ఉండి రావాలంటే...

విజయవాడ నుంచి ఉండి ఎంత దూరం? ఎవరినడిగినా ‘వంద కిలోమీటర్లు, అంతే’ అంటారు. పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి ముందే చేరిపోవచ్చు. సాయంత్రం టీ తాగి వెనక్కి తిరిగితే రాత్రి అన్నాలకి ఇంట్లో ఉండొచ్చు. చెప్పుకోవడానికి ఎంత తేలికో! కానీ ఇంట్లో నలుగురున్నప్పుడు, ఆ నలుగురికీ దారి పొడవునా నాలుగు కోరికలున్నప్పుడు, ఒక్కరోజు ప్రయాణానికి ప్లాన్ వేయడం కన్నా పదిరోజుల తీర్థయాత్రకి వేయడమే సుఖం. పదిరోజుల్లో అందరి మాటా చెల్లుతుంది. ఒక్కరోజులో ఒక్కరి మాటే చెల్లుతుంది.

ఉండి మా అమ్మ పుట్టిల్లు. ఆకివీడు దాటాక, భీమవరానికి పది కిలోమీటర్ల ఇవతల వస్తుంది. అసెంబ్లీ నియోజకవర్గంగా పేపర్లో ఆ పేరు మీరూ చదివే ఉంటారు. మా నాన్న హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో ఎవరైనా ‘మీ అత్తగారిది ఏ ఊరండీ?’ అంటే ‘ఉండి’ అనేవారట. ‘ఉంటాంలెండి, ఊరు చెప్పండి’ అనేవారట అవతలివాళ్లు. నాన్న పోయి ఆరేళ్లయినా అమ్మ ఆ ముక్క చెప్పి నవ్వుతూనే ఉంటుంది.

ఆ ఊరు తీసుకెళ్లమని అమ్మ అడగడం వెనక చిన్న కథ ఉంది. మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 ఆగస్టు నెలాఖరున కురిసిన వానకి బుడమేరు మళ్లింపు కాలువకి గండ్లు పడి, సెప్టెంబరు 1 తెల్లవారేసరికి మా వీధిలో నీళ్లు. అప్పుడే కృష్ణ కూడా పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం పోతుంటే బుడమేరు నీళ్లని పట్టించుకునేదెవరు? మాది కింది వాటా. పాపని ఎత్తుకుని, అమ్మని పట్టుకుని మేడ మీద వాళ్లింటికి ఎక్కేశాం. నీళ్లు తీసి కిందికి దిగేసరికి అమ్మ మంచం కింద ఉండే రేకు పెట్టె బురదలో బోర్లా పడి ఉంది. అందులో పట్టుచీరలున్నాయి, నాన్న పెన్షన్ కాగితాలున్నాయి. వాటికి అమ్మ బాధపడలేదు. ఒక ఫోటో ఉండేది... దానికి బాధపడింది.

1962లో మా పెద్దమ్మ పెళ్లికి, ఉండిలో ఇంటిముందు పందిట్లో తీసిన ఫోటో. భీమవరం నుంచి ఫోటోగ్రాఫర్ని పిలిపించారట. మూడు వరసల్లో పదిహేడు మంది. ముందు వరసలో పరికిణీతో కూర్చున్న పదేళ్ల పిల్ల మా అమ్మ. మా తాతయ్య బొమ్మ ఉన్న ఫోటో ఇంట్లో అదొక్కటే. చేతిలోకి తీసుకుంటే రంగు వేళ్లకి అంటుకుని వచ్చేసింది. ‘పోతే పోయిందిలేరా, ఊరుందిగా. ఒకసారి తీసుకెళ్లు’ అంది. ఊరుంది. ఎనభై రెండేళ్ల పెద మావయ్య ఉన్నాడు. వెళ్లి ఐదేళ్లయింది. ఇక వాయిదా వేసే వీల్లేదు.

ముందు దారి తేల్చుకోవాలి. ఉండికి మాకు మూడు దారులు. మొదటిది కంకిపాడు, గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు మీదుగా పోయేది. దగ్గర దారి ఇదే. గుడివాడ నుంచి అటు పామర్రు–పాలకొల్లు జాతీయ రహదారి. రెండోది హనుమాన్ జంక్షన్, ఏలూరు దాకా పెద్ద హైవే మీద వెళ్లి, అక్కణ్నుంచి కొల్లేటిని అడ్డంగా దాటి కైకలూరు చేరేది. ఇరవై కిలోమీటర్లు ఎక్కువైనా చూడ్డానికి బావుండేది అదే... రెండువైపులా నీళ్లు, మధ్యలో రోడ్డు. మూడోది ఏలూరు కూడా దాటి, నారాయణపురం దగ్గర హైవే దిగి గణపవరం మీదుగా వెళ్లేది. చుట్టుదారే కానీ కొల్లేటితో పనిలేదు.

మ్యాపులో చూస్తే మూడూ ఒక్కలాగే నీలం గీతలు. కానీ ఈ ప్రాంతంలో దారిని నిర్ణయించేది నీళ్లే. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ నడుమ పళ్లెంలా ఉన్న పల్లం కొల్లేరు. మా వీధిలోకొచ్చిన బుడమేరు, ఏలూరు పక్కనుంచి దిగే తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి అందులోనే పడతాయి. ఆ నీళ్లు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. సుమారు 60 కిలోమీటర్ల పొడవు. వచ్చే నోళ్లు ఎక్కువ, పోయే గొంతు ఇరుకు. అందుకే విజయవాడలో వరద తగ్గాక కొల్లేటి లంకల్లో మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరెక్కి రాకపోకలే ఆగిపోయాయి. కాబట్టి వానాకాలం రోజుల్లో అటు వెళ్లాలనుకునేవాళ్లు ముందురోజు కైకలూరులోనో ఏలూరులోనో తెలిసినవాళ్లకి ఒక ఫోన్ చేసుకోవడం మంచిది.

తర్వాత ముహూర్తం. అక్టోబరులో తుపాన్ల భయం. నవంబరంతా కార్తీకమాసం. ‘కార్తీకంలో వస్తే మా వదిన చేపల పులుసు పెట్టదు, దాటాక వెళ్దాం’ అంది అమ్మ. మూడురోజుల సంక్రాంతికి అటువైపు కార్లు కోళ్ల పందేల బరులకే సరిపోతాయి, రోడ్డు మీద మనకి చోటుండదు. వెతగ్గా వెతగ్గా డిసెంబరు 14, రెండో శనివారం దొరికింది. పాపకి బడి సెలవు, మా ఆవిడకి ఆఫీసు సెలవు. నేను నా వారపు సెలవు మార్చుకున్నాను.

ఇక కోరికలు. కైకలూరు పక్కన ఆటపాకలో పక్షుల కేంద్రం ఉందని పాపకి వాళ్ల టీచర్ చెప్పింది. అటవీశాఖ వాళ్లు నీళ్లలో కట్టిన ఇనప మంచెల మీద గూడబాతులు గూళ్లు పెట్టుకుంటాయి. డిసెంబరు వాటికి మంచి సీజన్. మా ఆవిడది భీమవరం గునుపూడి సోమేశ్వరుడి దర్శనం. పంచారామాల్లో ఒకటి, చంద్రుడి కళల్ని బట్టి శివలింగం రంగు మారుతుందని ప్రతీతి. అమ్మకి కొల్లేటికోట పెద్దింట్లమ్మ మొక్కు. నాకు గుడివాడలో తీరిగ్గా టిఫిను.

కాగితం మీద లెక్క వేశాను. ఆటపాకకి గంటన్నర. కొల్లేటికోట పోనూరానూ, దర్శనం కలిపి రెండు గంటలు. భీమవరం రెండు గంటలు. ఆరింటికి బయల్దేరి, చీకటి పడేలోపు గుడివాడ దాటాలంటే సాయంత్రం నాలుగింటికి ఉండిలో కారెక్కాలి. కూడికలూ తీసివేతలూ అయ్యాక మావయ్య ఇంటికి మిగిలింది ఒక గంట! అన్నం తిని చెయ్యి కడుక్కోవడానికి సరిపోతుంది.

కాగితం అమ్మ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని కిందినుంచి పైకి చదివింది. ‘ముందు కొల్లేటికోట కొట్టెయ్యి’ అంది. ‘నీ మొక్కే కదమ్మా?’ అన్నాను. ‘అమ్మవారు ఎక్కడికీ పోదురా. మా అన్నయ్యకి ఎనభై రెండు.’ ఆ మాటతో మా ఆవిడ ‘అయితే సోమేశ్వరుడు కూడా ఎక్కడికీ పోడులెండి అత్తయ్యా’ అంది. పాప మాత్రం ఒప్పుకోలేదు. ‘పక్షులు ఎగిరిపోతాయి కదా నానమ్మా!’ న్యాయమే. వాటికోసం జనవరిలో విడిగా వస్తామని మాటిచ్చాక అలక తీరింది. మిగిలిన కాగితంలో రెండే అంకెలు. పొద్దున ఆరు, సాయంత్రం నాలుగు. మధ్యలో ఉండి.

అనుకున్న రోజున దారంతా మంచు. లైట్లు వేసుకుని గుడివాడ చేరేసరికి ఏడున్నర. వేడివేడి ఇడ్లీ తిని బయల్దేరాం. సార్వా కోతల కాలం కదా, చాలాచోట్ల సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. రైతుకి అంతకన్నా కళ్లం లేదు మరి. ఈ నెలలో అటు వెళ్లేవాళ్లు కిలోమీటరుకి నిమిషం లెక్క వేసుకుంటే కుదరదు.

కైకలూరు వచ్చేసరికి మంచు విడింది. అక్కణ్నుంచి ఎటు చూసినా చేపల చెరువులే. తిరుగుతున్న ఏరేటర్లు, గట్ల మీద మేత బస్తాలు, ఐసు వేసి చేపలు నింపుకుని కలకత్తా వైపు పోయే లారీలు. కొల్లేరు మాత్రం వీటన్నిటికన్నా పాతది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గొడవ ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. చెరువు మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి, నీరు పోయే దారి మూసుకుపోతే మునిగే మాలాంటి కుటుంబాలూ ఉన్నాయి.

ఆకివీడుకి ముందు ఉప్పుటేరు వంతెన వచ్చింది. ఒకప్పుడు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలకి ఇదే సరిహద్దు. 2022లో జిల్లాలు మారాక కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. వంతెన మీద కాసేపు ఆపమంది అమ్మ. కింద గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. ‘బుడమేరు నీళ్లు ఇటే కదూ పోయేది?’ అంది. అవునన్నాను. ‘అయితే నా పెట్టెలో దూరిన నీళ్లు మా ఊరి పక్కనుంచే సముద్రానికి పోయాయన్నమాట’ అని అద్దం ఎత్తేసుకుంది. ఆ తర్వాత పది కిలోమీటర్లు ఏమీ మాట్లాడలేదు.

తొమ్మిదిన్నరకి మావయ్య ఇంటిముందు ఆగాం. ‘ఏరా అల్లుడూ, మంచులో బానే తోలుకొచ్చావే!’ అన్నాడు కర్ర ఊతంతో గుమ్మంలోకొచ్చి. అమ్మని చూసి మాత్రం ‘చిక్కిపోయావేంటే చెల్లాయ్’ అని ఊరుకున్నాడు. అక్కడ మొదలైన కబుర్లు మధ్యాహ్నం దాకా మామూలు కబుర్లే. ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఎవరి మనవడు ఏ దేశంలో ఉన్నాడు, కరెంటు బిల్లు ఎంతొచ్చింది. మూడెకరాలు వనామి రొయ్యల చెరువుకి కౌలుకిచ్చేశాడు. వరి చేయించడానికి ఓపికా లేదు, కూలీలూ లేరు. కృషి విజ్ఞాన కేంద్రం, మత్స్య పరిశోధన కేంద్రం రెండూ ఉన్న ఊరు ఇది. చేనూ చెరువూ పక్కపక్కన ఉండడం ఇక్కడివాళ్లకి వింత కాదు. అమ్మకే వింత. ‘కాలవలో నీళ్లు బిందెతో తెచ్చుకు తాగేవాళ్లం’ అంది. అత్తయ్య నవ్వి వంటింట్లో ఉన్న మంచినీళ్ల క్యాన్ చూపించింది.

కొర్రమీను పులుసుతో భోజనాలయ్యాయి. మావయ్య కాసేపు నడుం వాల్చాడు. మా ఆవిడ గడియారం చూసుకుంది. రెండున్నర. వచ్చి ఐదు గంటలైంది.

లేచి టీ తాగుతుంటే అమ్మ అడిగింది. ‘అన్నయ్యా, పెద్దక్క పెళ్లి ఫోటోలో నాన్న పక్కన నిలబడింది ఎవరు?’

మావయ్య కళ్లు మూసుకున్నాడు. ‘ఏ పక్క? కుడి పక్కా, ఎడం పక్కా?’ అన్నాడు. అంతే! ఆగలేదు. ఫోటో వీధివైపు తీసింది కాదు, కాలవవైపు తీసింది. ఎండ కళ్లల్లో పడి తాతయ్య నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటే ఫోటోగ్రాఫర్ దింపించాడు. వెనక వరసలో చివర ఉన్నవాడు చుట్టమే కాదు, సన్నాయి వాయించడానికొచ్చి నిలబడిపోయాడు. అమ్మ పరికిణీ కొత్తది కాదు, పెద్దమ్మదే కుట్టు విప్పి చిన్నది చేశారు. పాప తన నోటుబుక్కులో మూడు గీతలు గీసి, ఒక్కొక్కరికీ ఒక్కో గుండ్రం పెట్టి పేర్లు రాసింది. పదిహేడిట్లో పదిహేను దొరికాయి. పదహారోది పక్కింటి మామ్మగారు గోడ అవతలనుంచి చెప్పారు. ‘ఆయ్, అది మా అత్తగారండీ!’ అని. సన్నాయి మేళం అతని పేరు మాత్రం ఎవరికీ తెలియలేదు. ఆ గుండ్రంలో పాప సన్నాయి బొమ్మ వేసింది.

నాలుగు దాటి పది నిమిషాలకి కారెక్కాం. దారిలో నేను ఆలోచించింది ఒక్కటే. మావయ్య నోరు విప్పింది ఐదో గంట దాటాక. పొద్దున పక్షులు, తర్వాత గుడి, ఆ తర్వాత ఇంకో గుడి అని తిరిగి ఉంటే ఆ టైముకి మేం ఎక్కడో క్యూలో ఉండేవాళ్లం. పెద్దవాళ్లింటికి వెళ్లినప్పుడు మొదటి రెండు గంటలూ పలకరింపులకే పోతాయి. అసలు సంగతి అన్నం తిని, నడుం వాల్చి లేచాకే బయటికొస్తుంది. అందుకే ఇప్పుడు నేను ఒక్కరోజు ప్రయాణానికి ప్లాన్ వేస్తే చూడాల్సిన చోట్లతో మొదలుపెట్టను. వెళ్లిన చోట ఎన్ని గంటలుండాలో ముందు రాసి, మిగిలిన టైముని దారికి పంచుతాను.

ఆ నోటుబుక్కు కాగితానికి ఫ్రేము కట్టించాం. అమ్మ గదిలో, మునుపటికన్నా బాగా ఎత్తులో మేకు కొట్టి తగిలించాం. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా మావయ్య అడుగుతున్నాడు, ‘సన్నాయి వాడి పేరు గుర్తుకొచ్చిందా?’ అని. ‘నీకే గుర్తుకు రావాలి, మళ్లీ వచ్చి కూర్చుంటాలే’ అంటోంది అమ్మ.