మౌ కొండల నుంచి విక్టోరియా దాకా: మారా వెంట

కెన్యాకు సఫారీకి వెళ్లినవాళ్లు మారా నదిని చూసేది దాని నడుమ భాగంలోనే. అది పుట్టేది అభయారణ్యానికి చాలా ఎగువన, మౌ కొండల మీద ఎనపుయాపుయి అనే చిత్తడి నేల దగ్గర. అక్కడ సింహాలూ లేవు, జీపులూ లేవు. న్యాంగోరెస్, అమాలా అనే రెండు ఏరులు అడవి చల్లదనంలోంచి కిందికి దిగుతాయి. న్యాంగోరెస్ తేయాకు తోటల్ని ఒరుసుకుంటూ బోమెట్ పట్టణం మీదుగా పోతుంది. ఇంకా దిగితే మొక్కజొన్న చేలు, ఆవుల మందలు.

2009కి ముందు రెండు దశాబ్దాల్లోనే మౌ అడవి నాలుగో వంతు దాకా పోయింది. చెట్టు పోయినచోట వాన నీరు నేలలోకి ఇంకదు. ఎర్రమట్టిని వెంటేసుకుని ఒక్కసారిగా ఏటిలోకి దూకుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఏరు చిక్కిపోతుంది. దిగువన మనం కెమెరాలు పట్టుకుని ఎదురుచూసే ప్రతి ప్రాణి బతుకూ ఈ కొండమీద తేలాల్సిందే.

రెండు ఏరులూ కలిశాక మారా గడ్డి మైదానాల్లోకి వస్తుంది. 1961లో అభయారణ్యంగా మొదలైన మసాయి మారా ఇప్పుడు దాదాపు 1,510 చదరపు కిలోమీటర్లు. పొద్దున్నే గేటు దాటాం. జిరాఫీలు, టోపీ జింకలు, పొదనీడన సింహాలు వరసగా కనిపించాయి. పిల్లలు జీపు పైకప్పులోంచి తలలు బయటపెట్టి ఒకటే కేరింతలు. నాకు మాత్రం నీటిగుర్రాల మడుగు దగ్గరే మనసు ఆగిపోయింది.

ఒడ్డు పైనుంచి చూస్తే మొదట నల్లటి బండరాళ్లనుకుంటాం. ఒక బండ చెవులు విదిలించి, ముక్కుల్లోంచి బుస్సున నీళ్లు చిమ్ముతుంది. రాత్రంతా ఒడ్డెక్కి గడ్డి మేసి తెల్లవారేసరికి మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. మైదానంలో మేసిన గడ్డి అలా పేడగా నదికి చేరుతుంది. ఈ నదిలో నీటిగుర్రాలు నాలుగు వేలకు పైగా ఉన్నాయి కాబట్టి అది చిన్న సంగతి కాదు. నీరు తగ్గిన రోజుల్లో ఆ పేడంతా మడుగుల అడుగున పేరుకుని కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. వరద వచ్చి మడుగుల్ని కడిగేస్తే ఆ ప్రాణవాయువు లేని నీరు దిగువకు పోయి చేపలు చచ్చిపోతాయి. ఎగువన అడవి పోయి నది చిక్కేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది.

మధ్యాహ్నం వైల్డ్‌బీస్ట్‌లు రేవుకు వచ్చాయి. టాంజానియాలోని సెరెంగెటి నుంచి గడ్డి వెతుక్కుంటూ వచ్చే పది లక్షలకు పైబడిన మందలో ఇది ఒక తునక. ముందున్నవి నీటి అంచుదాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరుగుతున్నాయి.

"నాన్నా, ఎందుకు దూకట్లేదు?" అంది మా అమ్మాయి.

"మొసళ్లున్నాయిగా తల్లీ. ఏదో ఒకటి తెగించి దిగితే మిగతావన్నీ దాని వెనకే పోతాయి."

మా డ్రైవరు జీపును ఒడ్డుకు బాగా వెనకే ఆపాడు. అది నాకెంతో నచ్చింది. కొందరు బళ్లను రేవు నోటికే అడ్డంగా పెడతారు. బెదిరిన మంద మంచి దారి వదిలి నిట్టనిలువు గట్టు మీదినుంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకుంటుంది. ఫొటో కోసం అంత పని చేయకూడదు.

ఒకటి దిగింది. ఆ వెంటనే దుమ్ము, అరుపులు, నురగ. ఒక దూడ తల్లికి దూరమై ప్రవాహంలో కొట్టుకుపోతుంటే పిల్లలిద్దరూ నోట మాట లేకుండా చూశారు. అది గట్టెక్కలేదు. ఏటా సగటున ఆరు వేలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు ఇక్కడ మునిగిపోతాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మాంసం మొసళ్లకూ రాబందులకూ చేపలకూ కొన్ని వారాల్లో సరిపోతుంది. ఎముకలు పూర్తిగా కరగడానికి ఏడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ వాటిలోని భాస్వరం నీళ్లలోకి కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. ఈ సంగతి మా అమ్మాయికి చెబితే, "అయితే ఆ దూడ నదిలోనే ఉంటుందన్నమాట" అంది.

మన సఫారీ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, నది ఆగదు. టాంజానియాలో సెరెంగెటి ఉత్తరపు కొసను దాటి పడమటికి తిరుగుతుంది. మైదానం చదునై, నీరు నెమ్మదించి, విశాలమైన పాపిరస్ తుంగ బయళ్లలోకి పరుచుకుంటుంది. ముసోమా పట్టణం దగ్గర విక్టోరియా సరస్సులో కలుస్తుంది. చిత్తడి నుంచి సరస్సు దాకా మొత్తం దాదాపు 395 కిలోమీటర్లు. సరస్సులోంచి బయటపడే నైలు ఈ నీటిని కూడా కలుపుకుని ఉత్తరానికి పోతుంది.

ఏటా సెప్టెంబరు 15న కెన్యా, టాంజానియా కలిసి మారా దినం జరుపుకుంటాయి. మందలు నది దాటే రోజులవి. సఫారీ జనం రేవుల దగ్గర కిక్కిరిసి ఉంటారు. ఆ రోజుల్లో వెళ్లే తెలుగు కుటుంబాలు వీలైతే ఒక్క పూట బోమెట్ వైపు కూడా వెళ్లి, న్యాంగోరెస్ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో పిల్లలకు చూపించాలని నా కోరిక.