నవంబరు ఒకటో తేదీకి ముందు

రక్తపోటు గురించో, మోకాళ్ల నొప్పుల గురించో నేను రాస్తే చదవడానికి అలవాటుపడిన మీకు, ఈసారి అమెరికా కళాశాలల ప్రవేశాల ప్రస్తావన కొంత వింతగా తోచవచ్చు. కానీ ఈ విషయం నా వద్దకు తలనొప్పి రూపంలోనే వచ్చింది. నిరుడు శరదృతువులో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు, పన్నెండో తరగతి చదువుతున్న మనవరాలికి తరచుగా తలనొప్పి వస్తోందని, ఒకసారి చూడమని అమ్మాయి అడిగింది. రక్తపోటు సరిగానే ఉంది. కళ్లజోడు కొత్తది. ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా అని అడిగితే, వేళ్లు లెక్కపెట్టుకుని, అయిదు అన్నది. రాత్రి ఒంటిగంట దాకా కళాశాలల దరఖాస్తులకు వ్యాసాలు రాస్తోందట. మళ్లీ ఆరింటికి లేవాలి.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. పైగా ఆ వయసులో మెలటోనిన్ విడుదలే ఆలస్యమవుతుంది కనుక, తొమ్మిదింటికే పడుకోమని కసిరినా వారికి నిద్ర రాదు. అందుకే అక్కడి శిశువైద్యుల సంఘం ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదని 2014లోనే సిఫారసు చేసింది. చాలా పాఠశాలలు దానిని పట్టించుకోలేదనుకోండి, అది వేరే కథ.

ఆ నెలలో ఇంట్లో ఎవరు మాట్లాడినా వినిపించిన మాట ‘ఎర్లీ’. మీ బంధువుల ఇళ్లలోనూ వినే ఉంటారు. సాధారణ దరఖాస్తుకు గడువు జనవరి మొదట్లో, ఫలితం మార్చి చివర. నవంబరు ఒకటో తేదీ ప్రాంతంలోనే పంపితే డిసెంబరు మధ్యలో ఫలితం తెలుస్తుంది. ఇందులో రెండు దారులున్నాయి. ‘ఎర్లీ యాక్షన్’లో సీటు వచ్చినా చేరాలన్న నిర్బంధం లేదు, మే ఒకటో తేదీ దాకా ఆలోచించుకోవచ్చు. అయితే హార్వర్డ్, యేల్, స్టాన్‌ఫర్డ్ వంటివి, తమకు ముందుగా పంపితే ఇతర ప్రైవేటు కళాశాలలకు ముందుగా పంపకూడదని షరతు పెడతాయి. రెండవది ‘ఎర్లీ డెసిషన్’. కొలంబియా, కార్నెల్, బ్రౌన్, డ్యూక్ వంటివి ఈ పద్ధతిని పాటిస్తాయి. ఒక్క కళాశాలకే పంపాలి, సీటు వస్తే చేరి తీరాలి, మిగిలిన దరఖాస్తులన్నీ ఉపసంహరించుకోవాలి. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, పాఠశాల సలహాదారు ముగ్గురూ సంతకం చేస్తారు.

మా అల్లుడు రెండవ దారి వైపే మొగ్గాడు. ముందుగా పంపితే అవకాశం రెండింతలు, మామయ్యగారూ, అంకెలు చూడండి అన్నాడు. అంకెలు అబద్ధం కావు. కానీ నలభై ఏళ్లు ఆసుపత్రిలో గడిపినవాడిని కనుక నాకు వెంటనే మరొక ప్రశ్న తోచింది. ఒక సర్జను చేతిలో నూటికి తొంభై అయిదుగురు బాగుపడుతున్నారని ఎవరైనా చెబితే, ఆయన ఎలాంటి రోగులను చేర్చుకుంటున్నాడని మేము ముందు అడుగుతాం. ముందస్తు గుంపులో, కళాశాలలు తమ జట్ల కోసం ముందే ఎంచుకున్న క్రీడాకారులుంటారు, పూర్వ విద్యార్థుల సంతానం ఉంటారు, ఏళ్ల తరబడి సిద్ధమైనవారుంటారు. వారందరి సగటును మీ పాపకు అన్వయించడం సరికాదు. అలాగని లాభం బొత్తిగా లేదనీ అనను. వచ్చి తీరే విద్యార్థిని కళాశాల ఇష్టపడటం సహజం. 2003లో వచ్చిన ‘ది ఎర్లీ అడ్మిషన్స్ గేమ్’ అనే పుస్తకంలో పరిశోధకులు, సమాన యోగ్యత గలవారిలోనూ ముందుగా పంపినవారికి మొగ్గు ఉందని చూపారు. ఈ పద్ధతి కలిగినవారికే మేలు చేస్తోందన్న విమర్శ వల్ల హార్వర్డ్, ప్రిన్స్‌టన్ 2006లో దానిని రద్దు చేస్తున్నట్లు ప్రకటించాయి, 2011లో మళ్లీ తెచ్చాయి.

మన తెలుగు తల్లిదండ్రులు దీనిని ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం నాకు అర్థమవుతుంది. వారు ఎంసెట్ నీడలో పెరిగినవారు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, గోడమీద జాబితా. వ్యాసాలు, సిఫారసు లేఖలు, ఎవరూ వివరించని తిరస్కారాలు ఉన్న చోట వారి చేతికి అందిన ఒకే ఒక మీట ఈ తేదీ.

నా దృష్టిలో ఇది శస్త్రచికిత్సకు ముందు తీసుకునే అంగీకారపత్రం లాంటిది. తెలిసి సంతకం చేయాలి. ముందుగా డబ్బు. పేరున్న ప్రైవేటు కళాశాలలు చాలావాటిలో ఏడాది ఖర్చు 80,000 డాలర్లు దాటింది. మనవరాలి వెనుక రెండేళ్లకు మనవడున్నాడు. మీ కుటుంబానికి నికరంగా ఎంత పడుతుందో అంచనా వేసే గణన సాధనాన్ని ప్రతి కళాశాలా తన వెబ్‌సైటులో ఉంచాలని అక్కడి చట్టం. సంతకానికి ముందే అది నింపి చూడండి. సహాయం చాలకపోతే ఒప్పందం నుంచి బయటపడవచ్చు గాని, వేరే కళాశాలల సహాయంతో పోల్చి బేరమాడే వీలు మాత్రం ఉండదు.

తరువాత, ఆ కోరిక ఎవరిది? ఒక సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు అడిగాను. “తాతయ్యా, ఆ కాలేజీ నాకు ఇష్టమే. కానీ వసంతానికి కూడా ఇంతే ఇష్టంగా ఉంటుందో లేదో నాకే తెలియదు. నాన్నకు మాత్రం ఇప్పుడే తెలిసిపోయింది” అన్నది. పదిహేడేళ్ల పిల్ల ఇంతకంటె స్పష్టంగా చెప్పలేదు. అదే మాటను ఇంట్లో తననే చెప్పమన్నాను. మూడు రోజులు భోజనాల బల్ల దగ్గర మౌనం నడిచింది. నాలుగో రోజు అల్లుడే ఆ గణన సాధనం తెరిచి కూర్చున్నాడు. చివరకు నిర్బంధపు దరఖాస్తు వదిలి, రాష్ట్ర విశ్వవిద్యాలయానికీ మరొక రెండింటికీ ఎర్లీ యాక్షన్ కింద పంపారు. వేరే పిల్లకైతే, మనసు కుదిరి డబ్బు లెక్క సరిపోతే, ఎర్లీ డెసిషన్‌కే వెళ్లమని నేనే చెప్పేవాడిని. డిసెంబరులో పని ముగిసిపోవడం కూడా ఆరోగ్యానికి మంచిదే.

మీ ఇంట ఈ నెలలో ఆ పని నడుస్తూ ఉంటే ఒక్క జాగ్రత్త చెబుతాను. జనవరి దరఖాస్తులను డిసెంబరు ఫలితానికి ముందే సిద్ధం చేయించండి. నిరాకరణ వచ్చాక మిగిలేది రెండు వారాలే. ఆ దెబ్బ మీద పది వ్యాసాలు రాయడం ఏ పిల్లకైనా కష్టం. ఫలితం వచ్చిన రాత్రి బంధువుల ఫోన్లు మీరే తీయండి. రెండు వారాలు గడిచినా పిల్ల తిండి, నిద్ర, స్నేహితులు మూడింటికీ దూరంగా ఉంటే దానిని అలక అనుకోకండి, వైద్యునికి చూపించండి. చనిపోవాలన్న మాట నోట వస్తే రెండు వారాలు ఆగవద్దు. అమెరికాలో 988, మన దేశంలో టెలి మానస్ 14416, రాత్రింబవళ్లు పలుకుతాయి.

మనవరాలి తలనొప్పికి నేను మందేమీ రాయలేదు. వ్యాసాల పనిని శని, ఆదివారాల పగటికి మార్చి, రాత్రి పదిన్నర తరువాత ల్యాప్‌టాప్‌ను వాళ్లమ్మ గదిలో పెట్టించాను. మూడో వారానికి తగ్గింది.