అల వెనక్కి పోయిన తరువాత

కోపం, భయం, దుఃఖం - వీటిని ఉద్వేగాలు అంటారు. ఇవి కలగడం తప్పు కాదు. కలిగిన ఉద్వేగాన్ని అదుపులో ఉంచుకొని, తిరిగి మామూలు స్థితికి రాగలగడమే ఉద్వేగ నియంత్రణ. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. ఏడ్చే బిడ్డను తల్లి జోకొట్టిన రోజున మొదలై, ఇరవై ఏళ్లు దాటేవరకు సాగే చదువు. ఆ చదువు మధ్యలో పెద్ద దెబ్బ తగిలితే ఏమవుతుందో నేను పుదుచ్చేరి పట్టణంలో చూశాను.

మా బావగారిది యానాం. ఉద్యోగరీత్యా పుదుచ్చేరిలో కాపురం. బి.ఇడి. ముగించిన కొత్తలో నేను కొంతకాలం వారింట్లో ఉన్నాను. పట్టణానికి సముద్రం వైపున ఫ్రెంచివారి కాలం నుండి రాళ్ల అడ్డుకట్ట ఉంది. 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం సునామీ వచ్చినపుడు అది పట్టణం నడిబొడ్డును చాలావరకు కాపాడింది. కాని తీరం వెంబడి ఉన్న కుప్పాలలోకి నీరు చొరబడింది. కుప్పం అంటే జాలరుల వాడ. ప్రాణనష్టం మరింత ఎక్కువగా కారైకాల్‌లో జరిగింది.

మరుసటి సంవత్సరం ఒక కుప్పంలో సాయంత్రం పూట పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. నా తమిళం అంతంతమాత్రం. లెక్కలకు అది చాలింది. అక్కడ పన్నెండేళ్ల కుర్రవాడొకడు ఉండేవాడు. ఎవరైనా బల్ల జరిపితే చాలు, ఉలిక్కిపడి, పక్కవాడిని తోసేసి బయటకు పరుగెత్తేవాడు. ఒకసారి పలక విసిరాడు. "పొగరు" అన్నారు కొందరు. వాడి తమ్ముడు ఆ ఆదివారం నీటిలో కొట్టుకుపోయాడని తరువాత తెలిసింది.

మన మెదడులో అమిగ్డాలా అనే భాగం ఉంది. బాదం గింజ ఆకారంలో ఉంటుంది. అపాయాన్ని పసిగట్టి, గుండె దడ పెంచి, పారిపోవడానికో ఎదిరించడానికో శరీరాన్ని సిద్ధం చేస్తుంది. "ఆగు, ఇది బల్ల చప్పుడే" అని సర్దిచెప్పవలసినది నుదుటి వెనుక ఉన్న భాగం. అది పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. మానసిక గాయం తగిలిన పిల్లలలో మొదటిది అయినదానికీ కానిదానికీ మేలుకుంటుంది. రెండవదాని మాట చెల్లదు. అటువంటి క్షణంలో "ఎందుకిలా చేశావు?" అని నిలదీస్తే ఏం జవాబు వస్తుంది? కొడితే, శరీరం దాన్ని ఇంకొక అపాయంగానే గుర్తుపెట్టుకుంటుంది.

ఈ సంగతులేవీ ఆ పిల్లవాడి తాతకు తెలియవు. మనవడు పరుగెత్తి వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకొని, చిరిగిన వల చేతికిచ్చేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ముడి తరువాత ముడి వేస్తూ ఉంటే వాడి ఊపిరి నెమ్మదించేది. నేను అక్కడున్నంత కాలం వాడు పరుగు మానలేదు. అయితే పావుగంటలో తిరిగి వచ్చి లెక్క పూర్తిచేసేవాడు. దీనిని వైద్యం అనను. కాని శిక్షణలో నేను నేర్చుకోనిది అక్కడ నేర్చుకున్నాను.

ఆ తరగతిలోనే మూలన కూర్చొని నోరు మెదపని ఆడపిల్లలు ఇద్దరు ఉండేవారు. పలక విసిరేవాడు అందరి కంటా పడతాడు. ఇటువంటి వారిని "బుద్ధిమంతులు" అని వదిలేస్తాం.

మానసిక గాయానికి సునామీయే రానక్కరలేదు. ఇంట్లో రోజూ దెబ్బలు, ప్రమాదం, అయినవారి మరణం, లైంగిక వేధింపు - ఏదైనా కావచ్చు. మీలో కొందరు చదువు మధ్యలో మానడానికి ఇటువంటి కారణమే ఉండవచ్చు. చాలామంది పిల్లలు అయినవారి అండతో కోలుకుంటారు. పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి వెళ్లడానికి భయం నెల దాటినా తగ్గకపోతే వైద్యుని కలవాలి. పుదుచ్చేరిలో జిప్‌మెర్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. జబ్బు పేరు మీకు తెలియనక్కరలేదు. "మా వాడికి నిద్ర పట్టడం లేదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నాడు" అని మీ మాటల్లో చెబితే చాలు.