ఆడపిల్లలవీ మగపిల్లలవీ ఒకే పద్దులో

అమెరికా అనగానే మనకి ఆకాశాన్నంటే మేడలూ, నయాగరా జలపాతమూ గుర్తొస్తాయి కదూ! మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ అవన్నీ చూశాను. కానీ మనసులో నిలిచిపోయింది మాత్రం కొలరాడో కొండల్లోని డురాంగో అనే చిన్న ఊరూ, అక్కడ చూసిన సైకిల్ పందెమూను. నవ్వకండి, చెబుతాను.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది ఆల్బకర్కీలో. వాళ్ల పక్కింటావిడ కూతురు ఓ చిన్న కాలేజీలో చదువుతూ సైకిల్ జట్టులో ఉంది. సెప్టెంబరులో ఆ పిల్లకి డురాంగోలో పందెం పడింది. "అమ్మా, నువ్వూ రా, కొండలు చూసినట్టుంటుంది" అంది మా అమ్మాయి. పులిహోర కలిపి డబ్బాకెత్తి, తెల్లవారుజామునే కారెక్కాం. మూడున్నర గంటల ప్రయాణం. చివర్లో రోడ్డుకి రెండువైపులా చెట్లు పసుపు ముద్దల్లా కనిపించాయి. అక్కడ ఆకులు రాలేముందు అలా పండుతాయి.

ఊరు సముద్రమట్టానికి ఆరున్నర వేల అడుగుల ఎత్తున ఉంది. పక్కనే యానిమస్ నది. 1882లో వేసిన నారోగేజ్ రైలుమార్గం మీద ఆవిరి ఇంజన్ ఇప్పటికీ కూతపెడుతూ సిల్వర్టన్ దాకా వెళుతుంది. ఆ రైలుతో సైకిళ్లవాళ్లు పోటీపడే పందెం ఒకటి 1972లో మొదలైందట. కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్‌లకి మొట్టమొదటి ప్రపంచ పోటీలు 1990లో జరిగింది కూడా ఈ ఊళ్లోనే. ఊరికి పైన మిట్ట మీద ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఉంది. సైకిల్ పోటీల్లో ఆ కాలేజీ ఇరవైకి పైగా జాతీయ టైటిళ్లు గెలుచుకుంది. వీధిలో చంటిపిల్లల దగ్గర్నుంచి తాతగార్ల దాకా అందరూ సైకిళ్ల మీదే!

ఇక పందెం సంగతి. అక్కడ కాలేజీ సైకిల్ పోటీల్లో మగపిల్లలకో పందెం, ఆడపిల్లలకో పందెం వేరువేరుగా పెడతారు. కానీ ఏ కాలేజీ గెలిచిందో తేల్చేటప్పుడు ఇద్దరి పాయింట్లూ కలిపి కూడతారు. చూశారూ, అసలు కిటుకంతా ఈ కూడికలోనే ఉంది. ఒక లెక్క వేసుకుందాం. ఒక కాలేజీ మగపిల్లలు మహా గట్టివాళ్లు, యాభై పాయింట్లు తెచ్చారనుకోండి. ఆడపిల్ల ఒక్కతీ లేదు. ఇంకో కాలేజీ మగపిల్లలు తెచ్చినవి ముప్ఫయ్యే, కానీ ఇద్దరాడపిల్లలు కలిసి పాతిక తెచ్చారు. గెలిచింది రెండో కాలేజీ! అంచేత ఆడపిల్లలు లేని జట్టు సగం ఖాతా ఖాళీగా పెట్టుకుని బరిలోకి దిగినట్టే.

మా పక్కింటావిడ కూతురు మొదట్లో సైకిల్ పందేల జోలికే పోలేదట. జట్టులో ఆడపిల్లలు చాలక, మగపిల్లలే హాస్టల్లో గది గదికీ తిరిగి "నీకు సైకిల్ తొక్కడం వచ్చా?" అని అడిగారట. సైకిలూ వాళ్లే చూసిపెట్టారు, దిగుడు దారిలో బ్రేకు ఎలా పట్టాలో వాళ్లే నేర్పారు. నా చిన్నప్పుడు అన్నయ్య సైకిల్ ముట్టుకుంటే మా నాన్నమ్మ కేకలేసేది. అది తలచుకుని నాకు నవ్వూ వచ్చింది, కాస్త అసూయా కలిగింది.

ఆడపిల్లల పందెంలో దిగినవాళ్లు పన్నెండుమందే. మగపిల్లలు అరవైమందికి పైనే. మన పిల్ల రెండో చుట్టులో రాళ్ల దగ్గర పడింది. మోకాలు చీరుకుపోయింది. లేచి మళ్లీ ఎక్కింది. వాళ్ల జట్టు మగపిల్లలు తాడుకి ఇవతల నీళ్ల సీసాలు పట్టుకుని గొంతులు పోయేలా అరుస్తున్నారు. చివరినుంచి రెండోది ఆ పిల్ల. అయినా పాయింట్లొచ్చాయి.

మా పక్కన నిలబడ్డ ఒకాయన మాత్రం మొహం ముడుచుకున్నాడు. "మావాడు అరవైమందితో పోరాడి ముప్ఫయ్యో స్థానంలో వచ్చాడు, సున్నా. ఈ అమ్మాయి పన్నెండుమందిలో పదకొండోది, పాయింట్లు! ఇదేం న్యాయం?" అన్నాడట. మా అమ్మాయి తెలుగులో చెప్పింది. పక్కింటావిడ మొహం ఎర్రబడింది గానీ మాట తూలలేదు.

నిజం చెప్పొద్దూ, ఆయన మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేం. అందుకే కొన్నిచోట్ల పందెంలో ఎంతమంది దిగారో చూసి, దాన్నిబట్టి పాయింట్లు పెంచడం, తగ్గించడం చేస్తారట. పైకి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆడపిల్లలు తక్కువగా ఉన్నారని వాళ్ల పాయింట్లకి విలువ తగ్గిస్తే, ఇక హాస్టల్లో గది గదికీ తిరిగే ఓపిక ఎవరికుంటుందండీ? వచ్చే ఏడు ఆ పన్నెండూ ఎనిమిదవుతారు. నా ఓటు మాత్రం సమానంగా కూడమనే.

అమెరికా కాలేజీ ఆటలన్నీ ఇలాగే ఉంటాయనుకునేరు! చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదని 1972లో అక్కడ చట్టం వచ్చాక ఆడపిల్లల జట్లు బాగా పెరిగాయి గానీ, చాలా ఆటల్లో వాళ్ల టైటిల్ వాళ్లదే, వీళ్ల టైటిల్ వీళ్లదే. కాలేజీ ఆటల పెద్ద సంఘం ఎన్.సి.ఎ.ఎ. మంచు మీద జారే స్కీయింగ్‌లో 1983 నుంచీ, కత్తిసాములో 1990 నుంచీ ఇద్దరివీ కలిపి ఒకే టైటిల్ ఇస్తోంది. సైకిల్ పందేలు ఆ సంఘం కిందకి రావు. వాటిని చూసుకునేది దేశపు సైకిల్ సంఘమే. ప్రపంచ సైకిల్ పోటీల్లో కూడా 2019లో ఓ కొత్త పందెం పెట్టారు. ముందు ముగ్గురు మగవాళ్లు తొక్కి వస్తారు, వెంటనే ముగ్గురు ఆడవాళ్లు బయల్దేరతారు. గడియారం మాత్రం ఆరుగురికీ ఒకటే!

సాయంత్రం మొత్తాల కాగితం అతికించారు. మన పిల్ల కాలేజీకి నాలుగో స్థానం. ఐదో కాలేజీ కంటే మూడు పాయింట్లే ఎక్కువ. ఇందాకటి పెద్దమనిషి కూడా వచ్చి కాగితం మీద వేలుపెట్టి వరసలు చదువుకున్నాడు. తీరా చూస్తే ఆయన కొడుకూ మన పిల్లా ఒకే జట్టు! ఆయన ఏమీ అనలేదు. కాసేపటికి ఆ కుర్రాడు బక్కెట్టుతో నీళ్లు తెచ్చి, ఆ పిల్ల సైకిల్ చక్రాలకంటిన బురద కడుగుతూ కనిపించాడు. ఆ పిల్లేమో మోకాలికి పట్టీ వేయించుకుని, చెంచాతో పులిహోర తింటూ, "వేరుశెనగలు ఇంకొంచెం వెయ్యండి ఆంటీ" అంటోంది.