రెంటచింతలకు తోలు కుర్చీ

ఎండాకాలం వార్తల్లో తప్ప పేరు వినపడని ఊరికి మే నెలలోనే, అదీ కుర్చీ మోసుకుని పోవడం తెలివైన పనేం కాదు. సత్తెనపల్లిలో మాచర్ల రైలెక్కి, నడికుడి, గురజాల దాటి రెంటచింతలలో దిగాను. ప్లాట్‌ఫాం మీద కాసేపు ఆగేసరికి కుర్చీ స్టీలు చేతులు పెనంలా కాలాయి. తువ్వాలు చుట్టి ఆటోలో పెట్టాను.

మా మామగారి కుర్చీ అది. ఎప్పుడో మద్రాసులో కొన్నారు. వంచిన స్టీలు గొట్టాలు, వాటి మధ్య బిగించిన తోలు. మా ఎండలకు తోలులో జిడ్డంతా ఆరి, నల్లరేగడి చేనులా నెర్రెలిచ్చింది. మా ఊళ్లో బాగుచేస్తామన్నవాళ్లు లేరు. రెంటచింతలలో ఒక మేస్త్రి ఉన్నాడని చెబితే వచ్చాను.

మేస్త్రి తోలు వైపు చూడనే లేదు. కుర్చీని తలకిందులు చేసి, వంపుల మీద వేలు పోనిచ్చాడు. "యాడా నొక్కు పళ్లేదే!" అన్నాడు. ఉత్త గొట్టాన్ని వంచితే వంపు దగ్గర చప్పిడవుతుంది. అందుకని లోపల ఇసుక దట్టించి, రెండు మూతులూ బిగించి, కాల్చి వంచుతాడట. "ఇసక బాగా ఎండాల సార్. తేమ ఉందా, ఆవిరి పట్టి పేలుద్ది."

ఇలాంటి గొట్టపు కుర్చీ ఆలోచన మార్సెల్ బ్రాయర్‌కి సైకిలు హ్యాండిల్ చూసి తట్టిందంటారు. 1925లో, జర్మనీలోని బౌహౌస్ బడిలో. దానికి మొదట వేసింది గుడ్డ పట్టీలే, తోలు తర్వాత వచ్చింది. 1929లో బార్సిలోనా ప్రదర్శనకు మీస్ వాన్ డెర్ రో, లిల్లీ రైక్ చేసిన కుర్చీకి తోలు దిండ్లు. 1956లో డెన్మార్క్‌ వాడు పాల్ కేర్‌హోల్మ్ తన పీకే 22ని తోలుతోనూ చేశాడు, పేము అల్లికతోనూ చేశాడు. చండీగఢ్‌లో పియర్ జన్నరే కుర్చీలకూ టేకు చట్రం, పేము అల్లికే. మన ఎండ వాళ్లకు తెలిసిందో లేదో గానీ, వీపుకు గాలాడే ఏర్పాటు మాత్రం కుదిరింది.

మేస్త్రి కూడా చివరికి అక్కడికే వచ్చాడు. "తోలెందుకు సార్? చెమటకి అంటుకుపోద్ది. వైరు అల్లిస్తా." షాపు ముందు ఆకుపచ్చ, తెలుపు వైరు కుర్చీలు వరసగా ఉన్నాయి. మామగారు చూస్తే ఏమనేవారో. కాసేపు గునిశాను. నలుపు రంగు వైరైతే సరేనన్నాను. పాత తోలు మాత్రం పారేయనివ్వకుండా చుట్టి సంచిలో పెట్టుకున్నాను. దాన్నేం చేసుకుంటానని మా ఆవిడ అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రానికి అల్లిక అయిపోయింది. ఇంకా కాస్త వైరు మిగిలింది.

"చేతులకి కూడా చుట్టమంటారా?"

తువ్వాలు గుర్తొచ్చింది. చుట్టమన్నాను.