వాస్తు చూశాం, వైర్లు చూడలేదు

పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి, మేం కొన్న పాతింట్లో హాల్లో స్విచ్‌బోర్డు విప్పాడు.
వైరు పట్టుకోగానే పైతొడుగు అప్పడంలా పొడిపొడిగా రాలిపోయింది.

"ఎర్త్ వైరే లేదు మేడమ్" అన్నాడు.
మూడు పిన్నుల సాకెట్ మాత్రం ఉంది. పై కన్నం వెనక ఖాళీ.

మెయిన్ దగ్గర ఫ్యూజు వైరు బదులు లావుపాటి రాగితీగ మెలేసి పెట్టారు. లోడు ఎక్కువైనా అది కరగదు, గోడలో వైరే కాలుతుంది.

ఈ గోడల మధ్యే ఇన్నేళ్లు ముందున్నవాళ్ల పిల్లలు పెరిగారు కదా అనుకుంటే ఒళ్లు జలదరించింది.

కొనేముందు వాస్తు చూపించాం, ఇంటి మీద అప్పులున్నాయేమోనని ఈసీ తీయించాం. బోర్డు ఒక్కటీ విప్పించలేదు.

ఇప్పుడు మొత్తం కొత్త వైరింగు, ఎర్త్ పిట్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. రంగులు ఆ తర్వాతే.

పాతిల్లు కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందే ఎలక్ట్రీషియన్‌ని వెంట తీసుకెళ్లండి.
మీ ఇంట్లో వైరింగు ఎన్నేళ్లది? చెప్పండి.